ఈ చీటీ ఏ రైతుది?

ఉల్లి కోతల కాలంలో కర్నూలు మార్కెట్ యార్డు ఎలా ఉంటుందో మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉల్లి ఎక్కువగా పండేది కర్నూలు జిల్లాలోనే. పంట చేతికి వచ్చిందంటే కోడుమూరు నుంచీ, పత్తికొండ నుంచీ, ఆలూరు నుంచీ ట్రాక్టర్లూ లారీలూ యార్డు దారి పడతాయి. ఒక పక్క హమాలీలు బస్తాలు దించుతూంటారు. మరో పక్క వేలం జరుగుతూంటుంది. ఇంకో పక్క కాటా దగ్గర తూకం. (కడప వైపు పాఠకులు ఉల్లిగడ్డ అన్నచోటల్లా ఎర్రగడ్డ అని చదువుకోవచ్చు. సరుకు ఒకటే.)

ఇందులో ఒక తమాషా ఉంది. పొద్దున ఆరింటికే వచ్చిన రైతు సరుకు మధ్యాహ్నం దాకా అమ్ముడు కాకపోవచ్చు. పదింటికి వచ్చిన రైతు గంటలో పని ముగించుకొని బస్సెక్కవచ్చు. ముందు వచ్చినవాడి పని ముందు పూర్తవుతుందన్న నియమం లేదు. వందల మంది పనులు, ఒక్కొక్కటి ఒక్కొక్క దశలో, ఒకదానితో ఒకటి పెనవేసుకొని నడుస్తూంటాయి. అయినా సాయంత్రానికి ఎవరి డబ్బు వాళ్ళకే చేరాలి. పత్తికొండ రైతు ఉల్లి డబ్బు ఆలూరు రైతు ఖాతాలో పడితే ఆ రాత్రి ఒక ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇలా జరగకుండా కాపాడేది లాటు నంబరు. యార్డులను కంప్యూటర్ల ద్వారా కలిపే ఈనామ్ పథకం 2016 ఏప్రిల్ 14న దేశంలో మొదలయింది. తరవాత కర్నూలు, ఆదోని యార్డులు కూడా అందులో చేరాయి. అందులో సరుకు గేటు దాటేటప్పుడే ఒక నంబరు పుడుతుంది. నాణ్యత పరీక్ష, వేలం, తూకం, బిల్లు, చెల్లింపు, అన్నింటి మీదా ఆ నంబరే. మనిషి మారవచ్చు, చోటు మారవచ్చు, గంటలు గడవవచ్చు. నంబరు మాత్రం సరుకును వదలదు.

మీరు పదో తరగతి ఫలితాలు చూడటానికి ఫోనులో మీట నొక్కినప్పుడు కంప్యూటర్ల లోపల కూడా సరిగ్గా ఇలాంటి యార్డే నడుస్తుంది. అక్కడా వేల మంది పనులు పెనవేసుకుంటాయి. అక్కడా ఎవరి జవాబు వాళ్ళకే చేరాలి. మీ హాల్‌టిక్కెట్ నంబరు కొడితే పక్క ఊరి అబ్బాయి మార్కులు రాకూడదు కదా! ఆ యార్డును నడిపే భాషల్లో ఒకటి జావాస్క్రిప్ట్. అది ఈ పని ఎలా చేస్తుందో, ఎక్కడ తప్పటడుగు వేసే ప్రమాదం ఉందో ఇప్పుడు చూద్దాం.

ఒక్క గుమాస్తా

1995 మే నెలలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు పది రోజుల్లో ఈ భాష తొలి రూపాన్ని తయారుచేశాడు. మొదట దాని పేరు మోకా. తరవాత లైవ్‌స్క్రిప్ట్ అయింది. ఆ ఏడాది డిసెంబరుకల్లా జావాస్క్రిప్ట్ అయి కూర్చుంది. అప్పట్లో జావా అనే మరో భాషకు మంచి పేరుండటమే దీనికి కారణం. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో జావాస్క్రిప్ట్‌లో జావా అంత!

ఈ భాష స్వభావం అర్థం కావాలంటే ఒక ఊహాయార్డు కట్టుకుందాం. ఇందులో గుమాస్తా ఒక్కడే. బల్ల ఒక్కటే. ఎంతమంది రైతులు వచ్చినా లెక్కలన్నీ అతనే రాయాలి. జావాస్క్రిప్ట్ ప్రోగ్రాము అచ్చం ఇంతే. ఒక క్షణంలో ఒక్క పనే చేస్తుంది.

గుమాస్తా ఒక పని మొదలుపెట్టినప్పుడల్లా కొత్త ఫైలు ఒకటి తెరుస్తాడు. అందులో ఏముంటాయి? ఆ పనికి సంబంధించిన పేర్లు, వాటి విలువలు: రైతు ఎవరు, బస్తాలు ఎన్ని, ధర ఎంత. పని ఎన్నో వరుస దాకా వచ్చిందో తెలిపే గుర్తు. ఈ ఫైలులో దొరకని పేరు కోసం ఇంకే ఫైలు చూడాలో చెప్పే సూచన. ఈ మొత్తాన్ని కంప్యూటర్ వాళ్ళు ఎగ్జిక్యూషన్ కాంటెక్స్ట్ అంటారు. మనం అమలు సందర్భం అందాం. పేరు బరువుగా ఉన్నా విషయం తేలికే. ఇప్పుడు ఏ పని, ఎవరి కోసం, ఎందాకా వచ్చింది అన్నదే సందర్భం.

బిల్లు రాస్తూండగా మధ్యలో హమాలీ కూలి లెక్క కట్టాల్సి వచ్చిందనుకోండి. గుమాస్తా బిల్లు ఫైలు మీదే కూలి ఫైలు పెట్టి తెరుస్తాడు. కూలి తేలగానే ఆ ఫైలు తీసేస్తాడు. కింద బిల్లు ఫైలు ఆగినచోటే తెరుచుకొని ఉంటుంది. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చిన ఫైళ్ళ దొంతరను కాల్ స్టాక్ అంటారు. అన్నిటికంటె పైన ఉన్నదే నడుస్తున్న పని. ఇంట్లో కంచాల దొంతర లాంటిదే ఇది. చివర పెట్టింది ముందు తియ్యాలి.

ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కంతా కాటా దగ్గర మొదలవుతుంది.

తూకం వచ్చేదాకా ఏం చెయ్యాలి?

కాటా గుమాస్తా బల్ల మీద లేదు. దూరంగా ఉంది, వేరేవాళ్ళ చేతిలో ఉంది. కంప్యూటర్‌లో కూడా అంతే. ఫైళ్ళు దాచిన డిస్కు, ఇంకో ఊళ్ళో ఉన్న కంప్యూటర్, గడియారం, ఇవన్నీ ప్రోగ్రాముకు బయటివి. అడగాలి, జవాబు కోసం ఆగాలి.

ఆగటమంటే ఎంతసేపు? మన లెక్కలో చూస్తే ఏమీ లేదు. దూరపు కంప్యూటర్ జవాబివ్వటానికి సెకనులో ఇరవయ్యో వంతు పట్టిందనుకుందాం. రెప్పపాటు కంటె తక్కువ. కాని ఫోనులోని ప్రాసెసరు సెకనుకు 200 కోట్ల టిక్కులు కొడుతుంది. అంటే ఆ కాస్త సేపట్లో 10 కోట్ల టిక్కులు! ఒక టిక్కును ఒక సెకనుగా సాగదీసి చూడండి. 10 కోట్ల సెకన్లంటే మూడేళ్ళ పైచిలుకు. బస్తాలు కాటాకు పంపి, మూడేళ్ళపాటు కలం పట్టుకొని కాటా వైపే చూస్తూ కూర్చునే గుమాస్తాను మీరు ఉద్యోగంలో ఉంచుకుంటారా?

కాబట్టి మన గుమాస్తా ఒక చీటీ రాస్తాడు. “ఈ లాటు తూచండి. తూకం తెలిశాక ఈ చీటీ వెనక్కి పంపండి. అప్పుడు బిల్లు రాస్తాను.” చీటీ పంపేసి మరుక్షణమే తరవాతి పనిలో పడతాడు. ఇలాంటి చీటీకి కాల్‌బ్యాక్ అని పేరు. ఇలా అడిగిన పని అడిగిన వెంటనే కాక తరవాతెప్పుడో పూర్తయ్యే పద్ధతిని అసింక్రనస్ పద్ధతి అంటారు.

తిరిగొచ్చిన చీటీలు నేరుగా గుమాస్తా చేతికి రావు. బల్ల పక్కన ఒక తట్ట ఉంటుంది. వచ్చినవి వచ్చిన వరసలో అందులో పడతాయి. బల్ల మీది ఫైళ్ళ దొంతర మొత్తం ఖాళీ అయితేనే గుమాస్తా తట్ట వైపు చెయ్యి చాస్తాడు. ఒక చీటీ తీస్తాడు, ఆ పని పూర్తిచేస్తాడు, మళ్ళీ తట్ట చూస్తాడు. రోజంతా ఇదే తిరుగుడు. దీన్నే ఈవెంట్ లూప్ అంటారు. మన గానుగ చుట్టూ తిరిగే ఎద్దు గుర్తుకొస్తుంది.

సగంలో ఉన్న పనిని ఎవరూ లాక్కోలేరు అన్నది ఇక్కడ గట్టి నియమం. దీనివల్ల ఒక మేలుంది. రెండు కలాలు ఒకే పేజీ మీద ఒకేసారి పడవు. ఒక కీడూ ఉంది. గుమాస్తా తానే కూర్చుని పదివేల ఉల్లిగడ్డలు ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడనుకోండి, మిగతా యార్డంతా బిగుసుకుపోతుంది. ఫోనులో ఏదో పేజీ తెరిచాక, ఎంత నొక్కినా కదలక మొరాయించడం మీకు అనుభవమే. చాలాసార్లు జరిగేది ఇదే. లోపల గుమాస్తా ఏదో పెద్ద లెక్కలో మునిగి ఉంటాడు. మీ వేలి నొక్కు తట్టలో పడి ఎదురుచూస్తూంటుంది.

నిజానికి తట్టలు రెండు ఉంటాయి. ఒకటి మామూలుది. రెండోది తొందర తట్ట. బల్ల ఖాళీ అవగానే ముందు తొందర తట్టలో ఉన్నవన్నీ అయిపోవాలి. ఆ తరవాతే మామూలు తట్టలోంచి ఒక్క చీటీ. దీన్ని పట్టుకొని ఒక చిన్న పొడుపుకథ వెయ్యవచ్చు. గుమాస్తాకు నాలుగు ఆజ్ఞలు ఈ వరసలో ఇచ్చాం: “క” అని రాయి, సున్నా సెకన్ల తరవాత “చ” అని రాయమని గడియారానికి చీటీ ఇయ్యి, తొందర తట్టలో “ట” అని రాయమని చీటీ వెయ్యి, “త” అని రాయి. కాగితం మీద ఏ వరసలో పడతాయి? చాలామంది క, చ, ట, త అంటారు. సున్నా సెకన్లంటే ఇప్పుడే కదా అని వాళ్ళ వాదన. కాని వచ్చేది క, త, ట, చ. చేతిలో ఉన్న ఫైలు పూర్తికాకుండా ఏ చీటీకీ మోక్షం లేదు, సున్నా సెకన్ల చీటీకైనా సరే.

ప్రోనోటు

చీటీల పద్ధతిలో ఒక అవస్థ ఉంది. తూకం వచ్చాక వేలం ధర అడగాలి. అది వచ్చాక బ్యాంకును అడగాలి. అదీ వచ్చాక రసీదు. చీటీలో చీటీ, దానిలో మరో చీటీ. రాసినవాడికే అర్థం కానంత ముడి. దీనికి దొరికిన మందు పేరు ప్రామిస్. 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ మాటను ఈ అర్థంలో వాడారు. జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి అది 2015లో వచ్చింది.

మన ఊళ్ళలో అప్పుకు ప్రోనోటు రాసిస్తారు చూడండి, ప్రామిస్ అలాంటిదే. “తూకం ఇప్పుడు లేదు, వచ్చాక ఇస్తాను” అని కాటా రాసిచ్చే పత్రం. దానికి మూడే స్థితులు. ఇంకా తేలలేదు, తీరింది, తీరదని తేలిపోయింది. ఒకసారి తేలాక ఇక మారదు. పత్రం చేతిలో ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టుకోవచ్చు, ఇంకొకరికి అందించవచ్చు, పది పత్రాలు ఒక కట్ట కట్టి “ఇవన్నీ తీరాక చెప్పు” అనవచ్చు.

2017లో ప్రమాణంలో చేరిన అవైట్ అనే మాట ఇంకా సుఖం. ఫైలులో ఆ మాట ఉన్న వరుస రాగానే గుమాస్తా అక్కడ ఒక గుర్తు పెట్టి, ఫైలును బల్ల మీంచి తీసి బీరువాలో పెడతాడు. ప్రోనోటు తీరిన కబురు తొందర తట్టలోకి రాగానే, వంతు చూసి ఆ ఫైలును మళ్ళీ బల్ల మీదికి తెస్తాడు. లోపలి పేర్లూ విలువలూ చెక్కుచెదరవు. చదివేవాడికి మాత్రం ఒక పని తరవాత ఒక పని నేరుగా రాసినట్టే కనిపిస్తుంది. అమలు సందర్భం నిద్రపోయి లేచిందన్నమాట.

పలక తెచ్చిన తంటా

మొదట్లో జావాస్క్రిప్ట్ ఎక్కువగా బ్రౌజరులోనే ఉండేది. అంటే మీ ఫోనులో మీ ఒక్కరి పనే చేసేది. యార్డులో రైతు ఒక్కడే ఉంటే లాటు నంబరుతో పనేముంది? 2009లో రయన్ డాల్ అనే ఆయన నోడ్ అనే సాధనం తయారుచేసి, నవంబరులో బెర్లిన్‌లో జరిగిన సభలో దాన్ని చూపించాడు. దానితో అదే ఒంటరి గుమాస్తా సర్వరులో కూర్చుని వేల మందికి జవాబివ్వడం మొదలుపెట్టాడు. రైతుకొక గుమాస్తాను పెడితే అందరికీ బల్లలూ కుర్చీలూ కావాలి. చీటీలతో నడిపే ఒక్క గుమాస్తా ఉంటే చాలాపని తక్కువ ఖర్చుతో సాగుతుంది. దాంతోపాటే పాత చిక్కు పెద్దదయింది. తిరిగొచ్చిన ఈ చీటీ ఏ రైతుది?

ఇప్పుడు కాస్త నెమ్మదిగా చదవండి.

మన గుమాస్తా బల్ల ముందు గోడకు ఒక పలక తగిలించి ఉంది. ఎవరి పని మొదలుపెడితే వాళ్ళ లాటు నంబరు దాని మీద రాసుకుంటాడు. ఎవరు ఏ నంబరు అడిగినా పలక చూసి చెప్పవచ్చు. ఎంత సులువు!

పత్తికొండ రైతు 60 బస్తాలతో వచ్చాడు. లాటు 41. పలక మీద 41 అని రాసి, కాటాకు చీటీ పంపాడు. గుమాస్తా చేతులు ఖాళీ. ఆలూరు రైతు 8 బస్తాలతో వచ్చాడు. పలక తుడిచి 42 అని రాసి, అతని చీటీ కూడా పంపాడు. ఇంతలో మొదటి చీటీ తిరిగొచ్చింది. “తూకం 30 క్వింటాళ్ళు.” ఎవరిది? గుమాస్తా అలవాటు ప్రకారం పలక చూశాడు. 42 అని ఉంది. ఆలూరు రైతు లెక్కలో 30 క్వింటాళ్ళు రాసేశాడు. క్వింటాలు వెయ్యి రూపాయలనుకుంటే 4 వేలు రావలసిన మనిషికి 30 వేలు పోయాయి. పత్తికొండ రైతు కాటా దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఇందులో ఎవరి తప్పు వెతకాలి? కాటా సరిగ్గా తూచింది. గుమాస్తా గుణకారం సరిగ్గా చేశాడు. సగంలో ఏ పనీ ఎవరూ లాక్కోలేదు. అన్నీ సరైనవే, ఫలితం మాత్రం తప్పు. అందరికీ ఉమ్మడిగా ఉన్న పలక “ఇప్పటి పని”ని చెబుతుంది. తిరిగొచ్చిన చీటీ “అప్పటి పని”ది. రెండింటి మధ్యా బల్ల ఖాళీ అయింది, దొంతర మొత్తం తొలగిపోయింది. ఆ చీటీని పంపింది ఏ ఫైలో చెప్పేందుకు కింద ఏదీ మిగల్లేదు.

ఈ తప్పు పరీక్షలకు దొరకదు. అది నాకు అన్నిటికంటె భయం కలిగించే సంగతి. ప్రోగ్రాము రాసినవాడు తన గదిలో కూర్చుని ఒక్కడే పరీక్షిస్తాడు. ఒక్క రైతే ఉన్న యార్డులో పలక ఎప్పుడూ నిజమే చెబుతుంది. నూరుసార్లు చూసినా నూరుసార్లూ సరిగ్గానే వస్తుంది. ఫలితాలు విడుదలైన రోజున లక్షమంది ఒక్కసారి నొక్కినప్పుడు బయటపడుతుంది. అదీ కొందరికే, కొన్నిసార్లే.

మరి మందేమిటి? పలక పగలగొట్టి, ప్రతి చీటీ మీదా లాటు నంబరు రాయడం. చిన్న యార్డుకు ఇదే మేలు. జావాస్క్రిప్ట్‌లో ఇది సులువు కూడా. ఫైలులో రాసుకున్న పేరు, ఆ ఫైలు నుంచి వెళ్ళిన చీటీకి తిరిగొచ్చాక కూడా కనబడుతుంది. ఆ చీటీ తన పాత ఫైలును మూటకట్టుకొని వెంట తీసుకుపోతుందనుకోండి. దీన్ని క్లోజర్ అంటారు.

పెద్ద యార్డులో మాత్రం ఇబ్బంది వస్తుంది. ఒక పని పది చేతులు మారుతుంది. పది మందీ నంబరును పక్కవాడికి అందించాలి. తొమ్మిదిమంది అందించి ఒక్కడు మరిచినా జాడ తెగిపోతుంది. పైగా ఆ పదిమందిలో కొందరు బయటి మనుషులు. ఇంకెవరో, ఇంకే దేశంలోనో రాసిన ప్రోగ్రాము ముక్కలవి. మన లాటు నంబరు సంగతి వాళ్ళకు తెలియదు.

అందుకని చీటీకి నంబరు తనంతట తానే అతుక్కునే ఏర్పాటు చేశారు. రైతు పని మొదలయ్యేటప్పుడు బల్లకున్న కొక్కేనికి అతని బిళ్ళ తగిలిస్తారు. ఆ బిళ్ళ ఉండగా బల్ల మీంచి ఏ చీటీ బయటికి పోయినా, దానికి బిళ్ళ నకలు ఒకటి అతుక్కుంటుంది. ఎవరూ గుర్తుంచుకోనక్కరలేదు. చీటీ తిరిగొచ్చినప్పుడు ముందు దాని బిళ్ళను కొక్కేనికి తగిలించి, ఆ తరవాతే పని మొదలుపెడతారు. పని కాగానే బిళ్ళ తీసేస్తారు. పదో చేతిలో ఉన్నవాడికి నంబరు కావాలంటే కొక్కెం చూస్తే చాలు. పలకలాగే ఉంది కాని పలక కాదు. దాని మీద ఎప్పుడూ చేతిలో ఉన్న చీటీ నంబరే ఉంటుంది.

నోడ్‌లో ఇందుకు కావలసిన కీళ్ళు 2017లో వచ్చాయి. వాటి మీద కట్టిన అసింక్ లోకల్ స్టోరేజ్ అనే తయారు వస్తువు 2020లో వచ్చింది. పైథాన్ భాషలో ఇలాంటిదే 2018లో చేరింది. జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే దీన్ని చేర్చాలని అసింక్ కాంటెక్స్ట్ అనే పేరుతో ప్రతిపాదన కూడా పెట్టారు.

వినడానికి సులువుగా ఉన్నా ఇందులో ఒక మెలిక ఉంది. ఇద్దరు రైతులు ఒకే లారీ కోసం ఎదురుచూస్తున్నారు. 41వ లాటు రైతు “లారీ రాగానే నా బస్తాలు ఎక్కించండి” అని చీటీ ఇచ్చి ఉన్నాడు. లారీ వచ్చిన సంగతి 42వ లాటు పని జరుగుతూండగా తెలిసింది. ఇప్పుడు బస్తాలు ఎక్కించే పనికి ఏ బిళ్ళ ఉండాలి? చీటీ రాసినవాడిదా, కబురు తెలిసినప్పుడు బల్ల దగ్గర ఉన్నవాడిదా? ప్రామిస్‌ల విషయంలో జవాబు 41. చీటీ రాసిన క్షణంలో కొక్కేనికి ఉన్న బిళ్ళే దానికి చెందుతుంది. ఆలోచిస్తే న్యాయమూ అదే. కాని మీట నొక్కడం వంటి ఘటనల దగ్గర ఈ ప్రశ్న ఇంత తేలిగ్గా తేలదు. ప్రమాణాలు రాసేవాళ్ళు తల బద్దలుకొట్టుకునేది ఇక్కడే.

అడిగి వెళ్ళిపోయిన మనిషి

చీటీకి నంబరు ఉండటమొకటే చాలదు. పోయిన చీటీలెన్ని, తిరిగొచ్చినవెన్ని, రానివెన్ని అన్న లెక్క కూడా ఉండాలి. “తీరదు” అని తిరిగొచ్చిన ప్రోనోటును ఎవరూ పట్టించుకోకపోతే అది మూల పడి ఉండి తరవాత కొంప ముంచుతుంది. అందుకే 2020లో వచ్చిన నోడ్ 15 నుంచి, అలా ఎవరూ పట్టించుకోని తిరస్కారం ఒక్కటున్నా మామూలుగా ప్రోగ్రాము ఆగిపోతుంది. కఠినమే కాని మంచి పని. అన్నిటికంటె మెలకువ కావలసింది మధ్యలో రద్దు చేసిన పని దగ్గర. ఈ మాట ఎందుకంటున్నానో ఒక జరిగిన సంగతి చెబుతాను.

2023 మార్చి 20న చాట్‌జీపీటీ వాడుతున్న కొందరికి తమవి కాని సంభాషణల శీర్షికలు కనిపించాయి. నిర్వాహకులు వెంటనే దాన్ని ఆపేసి కారణం వెతికారు. ఆ సర్వరు రాసింది పైథాన్‌లో, జావాస్క్రిప్ట్‌లో కాదు. కాని చీటీల పద్ధతి ఇదే. సర్వరుకూ రెడిస్ అనే సరుకుల గదికీ మధ్య కొన్ని ఉమ్మడి కిటికీలు ఉన్నాయి. కిటికీలోంచి అడగాలి, లోపలివాళ్ళు అడిగిన వరసలోనే పొట్లాలు అందిస్తారు. పొట్లం మీద పేరు ఉండదు. వరసే పేరు.

ఒక మనిషి అడిగాడు. పొట్లం రాకముందే అతని పని రద్దయింది, వెళ్ళిపోయాడు. లోపలివాళ్ళకు ఆ సంగతి తెలియదు. పొట్లం కిటికీలో పెట్టారు. అదే కిటికీకి వచ్చిన తరవాతి మనిషి తనదనుకొని ఆ పొట్లం పట్టుకుపోయాడు. మామూలుగా ఇలా జారిన పొట్లం అడిగినదానికి పోలిక కుదరక తప్పుగా బయటపడేది. కొన్నిసార్లు రెండు పొట్లాలూ ఒకే ఆకారంలో ఉండేవి. అప్పుడు పరాయివాడి సమాచారం సరైనదానిలాగే చెల్లిపోయింది.

డబ్బు కట్టి వాడేవారిలో, ఆ రోజు తొమ్మిది గంటల వ్యవధిలో పనిచేస్తున్న వాళ్ళలో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు కొన్ని ఇతరులకు కనిపించి ఉండవచ్చునని కంపెనీయే ప్రకటించింది. పేరు, ఈమెయిలు, కార్డు చివరి నాలుగు అంకెలు వంటివి. దిద్దుబాటులో భాగంగా, సరుకుల గది నుంచి వచ్చిన సమాచారం అడిగిన మనిషిదేనా అని మళ్ళీ సరిచూసే ఏర్పాటు చేశారు. అంటే పొట్లం విప్పి లోపల లాటు నంబరు చూడటమే. కర్నూలు యార్డులో కాటా దగ్గరి మనిషి ఏ శాస్త్రమూ చదవకుండానే చేసే పని!

మీరే చేసి చూడండి

బడిలోనో ఇంట్లోనో కంప్యూటర్ ఉంటే ఈ పలక కథను పది నిమిషాల్లో కళ్ళారా చూడవచ్చు. బ్రౌజరు తెరిచి ఎఫ్ 12 మీట నొక్కితే కన్సోల్ అనే గది దొరుకుతుంది. జావాస్క్రిప్ట్‌లో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. పలక, లాటు అనే పేర్లు అది నిక్షేపంగా ఒప్పుకుంటుంది.

మొదటిసారి అన్నిటికీ బయట పలక అనే పేరు ఒక్కటే పెట్టండి. దానిలో 41 ఉంచి, “రెండు సెకన్ల తరవాత పలక మీద ఉన్నది చూపించు” అని గడియారానికి చీటీ ఇవ్వండి. సెట్‌టైమౌట్ అనే ఆజ్ఞ ఇందుకే ఉంది. వెంటనే పలకను 42గా మార్చి, “ఒక సెకను తరవాత పలక మీద ఉన్నది చూపించు” అని ఇంకో చీటీ ఇవ్వండి. రెండోసారి పలక తీసేసి, లాటు అనే పేరును లోపల దాచుకునే ఫంక్షన్ ఒకటి రాయండి. దాన్ని 41, రెండు సెకన్లతో ఒకసారి, 42, ఒక సెకనుతో ఒకసారి పిలవండి. రెండు పద్ధతుల్లోనూ ఏ అంకెలు, ఏ వరసలో వస్తాయో ముందు కాగితం మీద రాసిపెట్టుకొని, ఆ తరవాతే ఎంటర్ మీట నొక్కండి.